రబ్బరు కోటు కింద

మా రేవులో గుట్టు అనేది నిలవదు. ఇరవై రెండు పడవలకీ రేడియోలో ఒకటే చానలు మరి. ఆర్విన్ తాతకి పంటి నొప్పొస్తే పొద్దున్న ఏడింటికల్లా రేవంతటికీ దవడ లాగుతుంది. రేవు మీద నా కొట్లో, కాటా పక్కన, నాకూ ఒక రేడియో ఉంది. పడవలు నడిపే సరంగులు సముద్రంలో బోనులు వేసి పట్టి తెచ్చిన లాబ్‌స్టర్లని, ఆ పెద్ద పెద్ద రొయ్యల్ని, తూచి కొనేది నేనే. పేరు మర్డీనా. కెనడాలో, నోవా స్కోషియా దక్షిణపు కొసన ఈ కొట్లో ముప్ఫై చలికాలాలు కూర్చుని ఆ రేడియో విన్నదాన్ని. అంత విన్నదాన్ని, సొంత మరిది నా చెవిలో నాలుగేళ్ళు అల్లాడుతుంటే పోల్చుకోలేకపోయాను. ఈ చెవులు ఉంటే ఎంత, ఊడితే ఎంత?

మా మరిది పేరు లోవెల్, మా ఆయన హిబర్ట్‌కి తమ్ముడు. నలభై రెండేళ్ళవాడు, ఆరడుగుల రెండంగుళాల మనిషి. నిండా లాబ్‌స్టర్లున్న పెట్టెని ఒంటిచేత్తో రేవు మీదికి ఎత్తేస్తాడు. అతని భార్య జెనెల్, నా తోడికోడలు, నా భుజం దాకా వస్తుంది. ఈ రెండు కొలతలూ చూసే మేం మోసపోయాం.

జెనెల్ వంటింట్లో కూడా ఒక రేడియో పెట్టించుకుంది. అరగంటకోసారి పిలిచేది. "లోవెల్, ఎక్కడున్నావ్?" అని, పాట పాడినంత తియ్యగా. అతను వెంటనే పలకాలి. ఎన్ని బోనులు లాగాడో, పక్కన ఎవరి పడవుందో, ఎన్నింటికి తిరుగుతాడో అన్నీ చెప్పాలి. రెండో పిలుపుకి కూడా పలక్కపోతే మూడో పిలుపులో ఆ తీపి ఉండేది కాదు. అతను జవాబు చెప్పగానే ఏదో పడవలోంచి ఎవరో మైకు మీట రెండుసార్లు నొక్కేవాళ్ళు, టిక్ టిక్ అని. మా దగ్గర దానర్థం 'విన్నాం' అని. ఒకడు మొదలెడితే పది మంది అందుకునేవాళ్ళు. మైకులో పగలబడి నవ్వితే మర్యాద కాదు కదా, అందుకని అలా నవ్వేవాళ్ళం.

"లోవెల్ బోనుల్ని లాగుతున్నాడు, జెనెల్ లోవెల్‌ని లాగుతోంది," అనేవాడు ఆర్విన్ తాత. అదేదో గొప్ప చమత్కారమైనట్టు రేవంతా రోజుకోసారి చెప్పుకునేది. నేనూ చెప్పాను. ఒకసారి కాదు.

ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ ఒకే పడవ. "ఎన్నాళ్ళు అన్న కింద కళాసీ బతుకు?" అని జెనెల్ రోజూ నూరిపోసింది. లోవెల్ సొంత పడవ కొనుక్కుని, మా ఆనవాయితీ ప్రకారం భార్య పేరే పెట్టాడు. హిబర్ట్‌కి అది గుచ్చుకుంది. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత లోవెల్ దగ్గర కళాసీలు కూడా నిలవలేదు. ఒకడు తాగుబోతని జెనెల్ అంది, ఇంకొకడి చూపు బాలేదంది. చివరికి లోవెల్ ఒక్కడే సముద్రం మీదికి వెళ్ళేవాడు. అన్న పోయాడు, స్నేహితులు పోయారు, ఫోను కూడా ఆవిడ చేతిసంచీలోనే ఉండేది. మేమేమన్నామో తెలుసా? "కొత్త సరంగు కదా, తల బిరుసెక్కింది" అన్నాం.

పోనీ గాయాలైనా చూడలేదా అంటారేమో. చూశాం. మా ఊళ్ళో గాయం లేని మగాడెవడు? ఆర్విన్ తాతకి రెండు వేళ్ళు లేవు. హిబర్ట్ మోకాలు తాడులో పడి నలిగింది. ఎవడికైనా కన్ను నల్లబడితే "ఏం, సముద్రం ముద్దెట్టుకుందా?" అంటాం, అంతే. తర్వాత ఇంకేం అడగం. అడిగితే వాణ్ణి చేతకానివాణ్ణి చేసినట్టని మా తాతల కాలం నుంచీ ఒక పిచ్చి మర్యాద. లోవెల్ నల్లబడ్డ కన్నుతో వచ్చినా, మణికట్టుకి గుడ్డ చుట్టుకొచ్చినా, మంచులో జారి పక్కటెముక చిట్లిందని మూడు రోజులు ఇంట్లో ఉన్నా, ముద్దు ఖాతా సముద్రానిదే అయింది.

పైగా అతన్ని మెచ్చుకున్నాం కూడా. అందరికంటే ముందు రేవు దాటేది లోవెల్, ఆఖర్న తిరిగొచ్చేది లోవెల్. గాలొచ్చినా మంచు కురిసినా ఆగడు. నిరుడు మే నెలాఖర్న, వేట కాలం ముగిసిన విందులో, 'ఈ ఏటి మొనగాడు' అని చెక్క ఫలకం ఇచ్చాం. అందుకోడానికి జెనెల్ లేచింది. "నేను తోస్తుంటేనే కదా ఈయన కదిలేది," అంది. హాలంతా చప్పట్లు. లోవెల్ బల్ల దగ్గరే కూర్చుని చప్పట్లు కొట్టాడు. నిండా మునిగినవాడికి చలేమిటంటారు. మేం ఆ మునిగినవాణ్ణి చూసి, చలి తెలియని మొనగాడనుకున్నాం.

ఇక ఈ మార్చి సంగతి. మంగళవారం నాడు లోవెల్ సరుకు తూయించి, చేతులు ఊదుకుంటూ నా పొయ్యి దగ్గర నిలబడ్డాడు. అప్పుడే కాల్చిన బెల్లం బన్ను ఒకటి చేతిలో పెట్టాను. గోడ గడియారం చూసి, తలుపు చూసి, అప్పుడు కొరికాడు. సగం తిన్నాడో లేదో రేడియో పలికింది.

"లోవెల్, ఎక్కడున్నావ్?"

నాకు తుంటరితనం ఆగలేదు. మైకు నేనందుకున్నాను. "మీ ఆయన నా దగ్గరున్నాడమ్మాయ్. నా బన్ను రుచి మరిగాక ఇక నీ వంట ముట్టడు. ఈ పూటకి ఉంచేసుకుంటున్నా."

టిక్ టిక్, టిక్ టిక్ అని రేవంతా నవ్వింది. లోవెల్ మిగతా సగం కాటా మీద పెట్టేసి, వెళ్ళిపోయాడు.

"పెళ్ళాం పిలిస్తే నోట్లో బన్ను కూడా వదిలేస్తావట్రా?" అని వెనకనుంచి అరిచాను. వదిన వరసని కదా, ఆ మాత్రం హక్కుందనుకున్నాను.

బుధవారం మళ్ళీ వచ్చాడు. మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూస్తున్నాడు. రబ్బరు కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కోటు తీసి పొయ్యి దగ్గర కూచో," అన్నాను.

"వద్దులే వదినా. వెళ్ళాలి."

"నా కొట్టంతా బురద చేసి వెళ్తావా?" అని కాలరు పట్టి గుంజాను. ఎడమ చెవి కింద నుంచి భుజం ఎముక దాకా చర్మం ఎర్రగా ఉడికిపోయి ఉంది. మీదంతా నీటి బొబ్బలు, వాటి కింద చొక్కా లోపలికి జారిన సన్నటి చారలు.

"ఇంజను గొట్టం తగిలింది," అన్నాడు, నేను అడక్కముందే.

నా నోట్లో ఏ మాట సిద్ధంగా ఉందో ఆ మాటే వచ్చింది. "సముద్రం ముద్దెట్టుకుందా?"

అతను నవ్వాడు. నవ్వి, కోటు గడ్డం దాకా బిగించుకుని పోయాడు. ఆ నవ్వు చూశాక కూడా నేను సాయంత్రం హాయిగా అన్నం తిన్నాను. అదీ నా సంగతి.

గురువారం తుఫాను హెచ్చరిక. పదకొండింటికల్లా పడవలన్నీ లోపలికొచ్చేశాయి. తాళ్ళు తెగకుండా చూసుకోడానికి సరంగులు ఎవరి పడవలో వాళ్ళు కూర్చున్నారు. హిబర్ట్, ఆర్విన్ తాత మాత్రం నా కొట్లో కిటికీ దగ్గర నిలబడ్డారు. లోవెల్ ఒక్కడే బయటున్నాడు. దుర్బిణీలో చూస్తే రాతి తిప్పకి అవతల, గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, అతని పడవ లేస్తూ పడుతూ ఉంది.

"మళ్ళీ ఫలకం కావాల్సొచ్చింది కాబోలు దొరగారికి," అన్నాడు హిబర్ట్.

"ఒక్క బోనూ లాగట్లేదురా," అన్నాడు తాత. "గంటన్నరగా చూస్తున్నా. ఊరికే నిలబడ్డాడు. ఇంకో గంటలో ఆ తిప్ప దాటి రావాలన్నా రాలేడు."

రేవు మొదట్లో జెనెల్ బండి ఆగి ఉంది. చేతి రేడియో ఒకటి తెచ్చుకుంది. "లోవెల్, ఎక్కడున్నావ్? నేను రేవులోనే ఉన్నా. నీకోసమే కూచున్నా. ఇంటికి రా."

"వస్తా," అన్నాడు లోవెల్ రేడియోలో. "ఇంకొంచెం సేపు."

ఆ 'ఇంకొంచెం సేపు' అనే మాట నేను ఎక్కడో విన్నాను. చిన్నప్పుడు మా నాన్న బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, వాకిట్లో ఆడుకుంటున్న నేను అన్న మాట అది.

గోడ మేకుకి హిబర్ట్ కోటు వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. మార్చి చలిలో సముద్రం మీద ఏ మగాడికైనా మొహం, చేతులు తప్ప ఏం కనిపిస్తాయి? గడ్డం దాకా గుండీలు, పైన టోపీ. లోపల మెడ కాలాలంటే ముందు కోటు కాలాలి. లోవెల్ కోటు మీద చిన్న మచ్చ కూడా లేదు. గొట్టం తగిలితే వాత పడుతుంది, చారలు కారవు. కారేది మరిగే నీళ్ళు. ఆరడుగుల రెండంగుళాల మనిషికి చెవి దగ్గర్నుంచి కిందికి నీళ్ళు పడాలంటే అతను కూర్చుని ఉండాలి. పోసినవాళ్ళు నిలబడి ఉండాలి.

"హిబర్ట్, అది గొట్టం కాదు," అన్నాను. మెడ సంగతి చెప్పాను. కన్ను, మణికట్టు, పక్కటెముక, అన్నీ నోటికొచ్చినట్టు ఒకదాని మీదొకటి చెప్పాను. "వాడు పని కోసం సముద్రం మీద ఉండట్లేదయ్యా. ఇంటికెళ్ళడానికి భయపడి ఉంటున్నాడు. ఇవాళా అందుకే."

"ఆ పిట్ట చేతిలో మా వాడు దెబ్బలు తినడమా? ఒక్క చెయ్యి విసిరితే..."

"విసరడు. విసిరితే ఆవిడ చచ్చిపోతుందని వాడికి తెలుసు. అందుకే కూచుని పోయించుకుంటున్నాడు."

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా ఆకుకే చేటు అంటారు. ఆ ఆకు మగాడైతే మాత్రం దాన్ని ఆకని ఒప్పుకునే నాథుడు లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద ఎంత మండిందో మా మీదా అంతే మండింది. మైకందుకున్నాను.

హిబర్ట్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊరంతా వింటారు మర్డీనా. ఇంటి గుట్టు రేడియోలో పెడతావా? వాడు తలెత్తుకోగలడా?"

"వాడి ఫోను ఆవిడ సంచీలో ఉంది. వాడికి వినపడే దారి ఇదొక్కటే. తల ఉంటే కదా ఎత్తుకోడానికి? వదులు."

వదిలాడు. నేను మీట నొక్కాను.

"లోవెల్, నేను మీ వదినని. జవాబు చెప్పక్కర్లేదు, విను చాలు. నీ మెడ మీదున్నది గొట్టం వాత కాదని నాకు తెలుసు. నిన్న నీ మొహం మీదే ఎగతాళి చేశాను. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, నేను. ఈ రేవులో నవ్విన ప్రతివాడూ. నువ్వు ఇవాళ ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదు. రేపూ వెళ్ళక్కర్లేదు. మా మేడ మీది గది ఖాళీగా ఉంది, దానికి లోపల గడియ ఉంది. ఒడ్డుకి రారా నాయనా."

మీట వదిలేశాను. ముందు జెనెల్ పలికింది.

"అక్కా, నీకు మతి పోయిందా? కొట్టేది ఆయనే. నేను సిగ్గుతో చెప్పుకోలేక చస్తున్నా." వెంటనే, ఈసారి తీపి లేని గొంతుతో అంది, "అయినా ఎవరు నమ్ముతారు? ఆయన ఒళ్ళు చూడండి, నా ఒళ్ళు చూడండి."

టిక్ టిక్.

నవ్వుతున్నారనుకుని నా ప్రాణం ఉడికిపోయింది. ఎవడ్రా అది అని అడగడానికి మైకెత్తాను. ఈలోగా ఒక గొంతు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని సరంగుది, "విన్నాం మర్డీనా," అంది. ఇంకో పడవ టిక్కుమంది. ఇంకోటి. వరసగా రేవంతా, ఒక్కొక్కరూ రెండేసి సార్లు. నవ్వడానికి వాడిన మీటే, కాని ఈసారి ఎవరూ తొందరపడలేదు. ఆర్విన్ తాత తన చేతి రేడియో జేబులోంచి తీసి, మిగిలిన మూడు వేళ్ళతో నొక్కాడు.

టిక్కులన్నీ అయ్యాక లోవెల్ పలికాడు.

"వదినా, ఆ గదిలో హీటరు పనిచేస్తోందా?"

"చెయ్యట్లేదు," అన్నాను. "మీ అన్న చేత ఇవాళే బాగు చేయిస్తా. నువ్వు బయల్దేరు."

దుర్బిణీలో పడవ ముక్కు తిరిగింది. తిప్ప దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండుసార్లు పడవ అలల వెనక కనపడకుండా పోయింది, రెండుసార్లూ హిబర్ట్ కిటికీ చెక్కని పట్టుకున్నాడు.

లోవెల్ నిచ్చెన ఎక్కి రేవు మీదికొచ్చేసరికి మేం కొట్లోంచి బయటికొచ్చాం, సరంగులందరూ పడవల్లోంచి లేచొచ్చి నిలబడ్డారు. తుఫాన్లని లెక్కచెయ్యని మగాళ్ళు, అందరూ బూట్ల వంక చూసుకుంటున్నారు. జెనెల్ బండి దిగి తలుపు తెరిచి పట్టుకుంది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

"బండెక్కు," అంది.

లోవెల్ బండి వైపు రెండడుగులు వేశాడు. అంతమంది విన్నాక, నేనన్ని చెప్పాక, ఆ కాళ్ళు వాటంతట అవే అటు వెళ్ళాయి. లాగుదామంటే ఎలా లాగను? అతన్ని ఇప్పటికే ఒకరు లాగుతున్నారు.

అప్పుడు హిబర్ట్, రెండేళ్ళుగా తమ్ముడితో మాట్లాడని మనిషి, తన పడవ దగ్గర్నుంచి తాడు చివర అందుకుని అతని వైపు విసిరాడు. "ఒరేయ్, నా తాడు వదులైంది. ఒక చెయ్యి వెయ్యి."

మా రేవులో విసిరిన తాడుని కింద పడనిచ్చేవాడు లేడు. పుట్టింది మొదలు అదే నేర్పుతాం. లోవెల్ చేతులు తాడందుకున్నాయి, ఒళ్ళు వెనక్కి తిరిగింది. గుంజకి తాడు చుట్టి ముడి వేసేసరికి అన్న పక్కకొచ్చి నిలబడ్డాడు, తర్వాత తాత, తర్వాత మిగతావాళ్ళు. బండికీ లోవెల్‌కీ మధ్య ఇరవై మంది అయ్యారు. జెనెల్ కాసేపు చూసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

పోలీసులకి నేనే ఫోను చేశాను. ఎత్తినాయన రెండుసార్లు అడిగాడు, ఎవరు ఎవర్ని కొట్టారో మళ్ళీ చెప్పమని. చెప్పాను. "అంటే ఆయన ఆవిణ్ణి..." అన్నాడు. "నీళ్ళు పోసింది ఆవిడ, ఉడికింది ఆయన. ఇంతకంటే తేలిక మాటలు నాకు రావు బాబూ," అన్నాను. మనిషిని పంపిస్తామన్నారు.

ఆలోపు మా వంటింట్లో లోవెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, మందు రాద్దామని చొక్కా విప్పించాను. మెడ ఒక్కటే అనుకున్నాం. వీపు మీద, జబ్బల మీద, పక్కల మీద, పాతవీ కొత్తవీ అన్నీ ఉన్నాయి. అన్నీ కోటు కింద దాగేచోటే. హిబర్ట్ దగ్గరికొచ్చి పక్కటెముకల మీదున్న వంకర మచ్చ చూశాడు.

"ఇదెప్పటిది?"

లోవెల్ చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. "నీ సాగరకన్యలది," అన్నాడు.

నిరుడు చలికాలంలో హిబర్ట్ రేడియోలో వేసిన హాస్యం అది. 'నీ మొగుడు ఇద్దరు సాగరకన్యలతో తీరిక లేకుండా ఉన్నాడు జెనెల్, తర్వాత పిలు' అని. తమ్ముడితో మాటల్లేవు కాని తమ్ముడి మీద మాటలకి కొదవ లేదు. ఆ రోజు టిక్కులు రెండు నిమిషాలు ఆగలేదు. ఆ మర్నాటి నుంచే లోవెల్ మూడు రోజులు సముద్రం మీదికి రాలేదు.

హిబర్ట్ కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఆ గాలిలో ఊరికే నిలబడి ఉన్నాడు.

నా చేతిలో మందు గుడ్డ ఉంది. లోవెల్ మెడ నా ఎదురుగా ఉంది. బుధవారం చూసిన గాయం. మంగళవారం నాటి నా మాట. అడిగాను.

"మరి ఇది? నా బన్నుదేనా?"

అతను చొక్కా పైకి లాక్కుని మెడ కప్పుకున్నాడు.

"బన్ను మాత్రం బాగుంది వదినా," అన్నాడు. "సగమే తిన్నా."

ఆ మిగిలిన సగం నేనే కొట్టు గుమ్మంలో నిలబడి సముద్రపు కాకులకి విసిరేశాను. మంగళవారం మధ్యాహ్నం, నవ్వుకుంటూ.